అవ్వ ఫోనుకొచ్చిన ఆరంకెలు

ఆ పిట్ట పేడకంపు కొడుతుందట. దాన్ని చూడ్డానికే జనరల్ మేనేజర్ ప్రభాకర్ ఆర్నెల్లుగా బ్రెజిల్ అడవి, బ్రెజిల్ అడవి అని కలవరిస్తున్నాడు. సోమవారం పొద్దున ఎనిమిదింపావు. మస్కట్‌లోని అజైబా ఆఫీసులోకి ఇంకా టీ కూడా రాలేదు. ఆయన షైస్తా బల్ల మీదికి వంగి, తన ఫోను ఆమె ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టాడు.

"చూడండమ్మా, హోట్జిన్. ఆ నీలం మొహం చూశారా? తలమీద ఆ కుచ్చు చూశారా? ఆకులు తిని ఆవులాగా కడుపులో పులియబెట్టుకుంటుంది. అందుకే పడవ దగ్గరికెళ్లేసరికి గుప్పున పేడ వాసన! ఒక్కసారి ఆ వాసన పీలిస్తే చాలు, జన్మ ధన్యం."

ప్రొద్దుటూరులో షైస్తా పుట్టింటి గోడకు అవతల గొడ్లపాక ఉండేది. 'అట్లయితే మేము రోజూ ధన్యమైతాంటిమి సార్' అనబోయి, నాలుక కరుచుకుని, "బాగుంది సార్" అంది.

బాగుంది అనడం ఆమె ఉద్యోగంలో ఒక భాగం. రెండో భాగం టికెట్లు తీయడం. ఈ కాంట్రాక్టు కంపెనీకి బహ్లా సైట్లో నూటయాభై రెండు మంది పనివాళ్లున్నారు. వాళ్ల పాస్‌పోర్టులు, సెలవులు, రాకపోకలు అన్నీ ఆమె కంప్యూటర్లోనే ఉంటాయి. ప్రభాకర్ పిట్టలు కూడా అందులోనే ఉంటాయి. అసలు కథ అక్కడే ఉంది.

"గంగన్న కుటుంబం ఎంతకొచ్చింది?" అని అడిగాడు ప్రభాకర్.

ఆమె తెర మీద గంగన్న కుటుంబాన్ని తెరిచింది. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన తాపీమేస్త్రీ గంగన్న ఇంటిపెద్ద. హైదరాబాద్ ఇమ్రాన్ అతని తమ్ముడు. ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్లు, ఒక నేపాలీ, ముగ్గురు బీహారీలు అతని తోడబుట్టినవాళ్లే. ఒక ఇంట్లోవాళ్లు ఎనిమిది మంది దాకా తమ ప్రయాణాల మీద వచ్చే పాయింట్లను ఒకచోట పోగేసుకోవచ్చని, ఆ పాయింట్లతో ఇంటిపెద్ద తనకు ఇష్టమైనవాళ్లకు టికెట్టు కొనిపెట్టవచ్చని ఒక గల్ఫ్ విమానాల కంపెనీ పెట్టిన నియమం. మంచి నియమమే. కాకపోతే ఈ ఇళ్లేవీ భూమ్మీద లేవు. ఇలాంటి సంసారాలు పందొమ్మిది ఉన్నాయి, అన్నీ షైస్తా తన చేత్తో కట్టినవే. తాము ఇంటిపెద్దలమన్న సంగతి ఆ పెద్దలకే తెలియదు. పనివాడు ఊరికి వెళ్లొచ్చినప్పుడల్లా ప్రభాకర్ ఒక అడవికి దగ్గరవుతాడు. అందుకే ఆఫీసు టికెట్లన్నీ ఆ ఒక్క కంపెనీ విమానాల మీదే, వాళ్ల దేశం చుట్టి పోయే దారిలోనే.

"ఇంకా మూడువేల ఆరువందలు తక్కువ సార్."

"అబ్బ! శుక్రవారంతో నెలాఖరు. పాత పాయింట్లన్నీ మురిగిపోతాయి. నా సీటేమో గురువారం పొద్దున పదింటిదాకానే పట్టి ఉంచుతామన్నారు. ఈ వారం ఊరెళ్లేవాళ్లెవరూ లేరా?"

"ఎవరూ లేరు సార్."

చంటిపిల్లాడి చేతిలోంచి బొమ్మ లాక్కున్నట్టు ఆయన మొహం వాడిపోయింది. సరిగ్గా అప్పుడే బహ్లా నుంచి ఫోర్‌మన్ ముర్తుజా ఫోను చేశాడు.

"షైస్తా బాజీ, బురీ ఖబర్ హై. మన గంగన్న వాళ్లమ్మ పొద్దున పోయిందంట. ఒక్కడే కొడుకు. వాడు వచ్చేదాకా ఐసు పెట్టెలో ఉంచుతామన్నారంట ఊళ్లో. వాణ్ణి బండెక్కించుకుని వస్తున్నా, ఈ రాత్రికే పంపించెయ్యాల."

ఆమె ఫోను పెట్టి ప్రభాకర్‌కు చెప్పింది. "అయ్యయ్యో, పాపం" అన్నాడాయన. నిజంగానే అన్నాడు. కళ్లు కూడా మూసుకున్నాడు. ఆ కళ్లు మళ్లీ తెరుచుకునేటప్పటికి వాటిలో పాపం లేదు, లెక్క ఉంది. షైస్తా చూసింది. చూడకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

"అప్పటికప్పుడు తీసే టికెట్టు కదూ? ఖరీదైన క్లాసే దొరుకుతుంది. దానికి పాయింట్లు రెట్టింపు వస్తాయి. ఎంతొస్తాయో చూడండి."

"సార్, డైరెక్టు విమానం ఉండాది. రాత్రి పదిన్నరకు ఎక్కితే మూడున్నర గంటల్లో హైదరాబాదు. తెల్లారేసరికి ఊళ్లో ఉంటాడు. సీట్లు కూడా ఉండాయి."

"మన పాలసీ మీకు తెలుసు కదమ్మా."

"ఆ దారిలో పోతే నడుమ పదహారు గంటలు ఆగాల సార్. రేపు అర్ధరాత్రికి దిగుతాడు. శవం ఆగద్దా?"

"ఊళ్లల్లో ఇప్పుడు ఫ్రీజర్లు వచ్చాయి కదా" అన్నాడు ప్రభాకర్.

షైస్తా తెర వైపు తిరిగింది. డైరెక్టు విమానంలో ఖాళీ సీట్లు ఎన్నున్నాయో మళ్లీ లెక్కపెట్టింది. ఆయన మాత్రం వెళ్లలేదు. బల్ల అంచు మీద వేళ్లతో చిన్నగా తాళం వేస్తూ, ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "మొన్న రంజాన్‌కి మీరు, మీ సానియా పాప ఊరెళ్లొచ్చారు చూడండి, అది ఎవరి పాయింట్ల మీదనుకున్నారు?"

ఆమెకు తెలుసు. గంగన్న కుటుంబానివే. విమానంలో సానియా కిటికీ దగ్గర కూర్చుని రెండు ఐస్‌క్రీములు తిన్నది. షైస్తా గంగన్న పేరు కొట్టి, పాస్‌పోర్టు నంబరు కొట్టి, చుట్టుదారి టికెట్టు తీసింది. నాలుగువేల వంద పాయింట్లు వస్తాయని తెర అడుగున ఆకుపచ్చ అక్షరాలు మెరిశాయి. ప్రభాకర్ ఆ అక్షరాలను ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఈల వేయబోయి ఆపుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి గంగన్న వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు గానీ గోళ్ల సందుల్లో సిమెంటు అలాగే ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ముందు దాన్ని తన తువ్వాలతో తుడిచాడు. తుడిచి, కూర్చుని, లేచి, ప్యాంటుకు అంటిన దుమ్ము కుర్చీకి అంటిందేమోనని మళ్లీ తుడిచాడు. ముర్తుజా వాకిట్లో బండి దగ్గరే ఉండిపోయాడు.

"రాత్రి ఫోన్ల మంచిగనే మాట్లాడింది మేడం. తిన్నవా బిడ్డా అన్నది. తిన్ననే అన్న. పొద్దుగాల లేవలే." అంతవరకు చెప్పి తువ్వాల మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. "ఎన్నింటికి దిగుత మేడం?"

"రేపు రాత్రి పన్నెండు దాటినాక."

అతను వేళ్లు మడిచి చూసుకున్నాడు. "ఇయ్యాల రాత్రి ఎక్కితే రేపు రాత్రి దాక ఎందుకైతది? మొన్న దూస్రా కంపెనీ పోరగాడు మూడున్నర గంటల్ల పోయిండు గద?"

తెర మీద ఆ డైరెక్టు విమానం ఇంకా తెరిచే ఉంది. అందులో ఖాళీ సీట్లు నీలంగా, చతురస్రాలుగా, వరసకు మూడేసి కనబడుతున్నాయి. షైస్తా తెరను ఒక చేత్తో తనవైపు ఇంకాస్త తిప్పుకుంది.

"నిండిపోయింది గంగన్నా" అంది.

"అయ్యో" అన్నాడు గంగన్న. అంతే. ఎదురు అడగలేదు, అనుమానపడలేదు. కంప్యూటర్లో ఏముంటే అది నిజం అతనికి. అక్కడే కూర్చుని ఊళ్లో ఉన్న బావ భూమేశ్‌కు ఫోను చేశాడు.

"బావా, రేపు పొద్దుగాలకు రాను. నిండిపోయిందట. ఎల్లుండి పొద్దుగాల్నే ఇగ. ఆఁ... కరెంటు పోయిందా? పెట్టె నడుస్తలేదా?" చాలాసేపు విన్నాడు. అవతల పెద్దవాళ్లెవరో అరుచుకోవడం షైస్తాకు కూడా వినబడింది. "సరే తియ్. నువ్వే పెట్టు నిప్పు. ఆఁ, నువ్వైతేంది, అల్లునివి. రేపు పగటికి కానియ్యుండ్రి. నేను చెప్తున్న గద, కానియ్యుండ్రి."

ఫోను జేబులో పెట్టుకుని, ఆమె ముందు రెండు చేతులూ జోడించాడు. "మీరున్నరు గన్క గిదన్న దొరికింది మేడం. లేకుంటే గీ వారమంత గీడనే కూసుందును."

ఆ దండం షైస్తా మొహం మీద ఉమ్మినట్టే పడింది. ఆమె కాగితం ముద్రించే మిషను దగ్గరికి లేచి, అవసరం లేకపోయినా అక్కడే నిలబడింది. ఈలోగా ప్రభాకర్ తన గదిలోంచి వచ్చాడు. గంగన్న భుజం మీద చెయ్యేశాడు. "ధైర్యంగా ఉండాలి గంగన్నా. తల్లి పోవడమంటే మాటలా? మా అమ్మ పోయినప్పుడు నేను నెల రోజులు మనిషిని కాలేదు" అన్నాడు. అని, వెనక దాచుకున్న ఇంకో చేతిలోంచి మెడకు పెట్టుకునే గాలి దిండొకటి తీసి ఇచ్చాడు. "ఇది ఉంచుకో. పదహారు గంటలు కూర్చోవాలి, మెడ పట్టేస్తుంది."

గంగన్న దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక గుండెకు ఆనించుకుని వెళ్లాడు. ఛీ, ఇదేం పుట్టుక అనుకుంది షైస్తా. ఎవరి పుట్టుక అన్నది తేల్చుకోలేకపోయింది.

మంగళవారం గంగన్న ఎక్కడో గాజుగోడల విమానాశ్రయంలో కూర్చుని ఉండగా అతని తల్లి కాలిపోయింది. ఆఫీసులో మాత్రం ఆ రోజంతా అడవి సరంజామాయే. ప్రభాకర్‌కు రబ్బరు బూట్లు వచ్చాయి. జలగలు ఎక్కకుండా మోకాళ్లదాకా వేసుకునే మేజోళ్లు వచ్చాయి. ఆయన అవి తొడుక్కుని కార్పెట్ మీద అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. అడవిలోని లాడ్జివాళ్లు పంపిన కాగితమొకటి షైస్తాకు చదివి వినిపించాడు కూడా.

"చూడండి ఎంత పద్ధతో. పిట్ట కోసం కాచుకున్నప్పుడు మాటలుండకూడదు. ఫోన్లు ఆపెయ్యాలి. ఒక్క బీప్ వచ్చినా పిట్ట లేచిపోతుంది, ఆ మనిషిని గైడు వెనక్కి పంపేస్తాడు. మనవాళ్లకెక్కడిదండీ ఈ సంస్కారం! పిట్ట ముందర మౌనంగా కూర్చోవడం ఒక తపస్సు."

కిటికీ అవతల ఏసీ డబ్బా మీద నాలుగైదు కాకులు వాలాయి. మధ్యాహ్నం టిఫిను డబ్బాలో మిగిలిన రొట్టెముక్కలు షైస్తా రోజూ అక్కడ పెడుతుంది, వాటికి అలవాటు. ప్రభాకర్ చేతిలోని కాగితాన్నే చుట్టగా చుట్టి అద్దాన్ని టపటపా కొట్టాడు.

"వీటికి తిండి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఇది ఈ దేశపు పిట్ట కూడా కాదు. ఓడలెక్కి వచ్చి చేరింది. చీడ! నా జాబితాలో రెండువేల తొమ్మిదివందల పిట్టలున్నాయి, దీన్ని మాత్రం రాసుకోవాలంటే చెయ్యి రాలేదు."

షైస్తా డబ్బా మూత పెట్టేసింది.

బుధవారం పదకొండు గంటలకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల గంగన్న. బావ భూమేశ్ ఫోను మీద చేస్తున్నానని చెప్పాడు.

"చేరిన మేడం. చెప్పాల్నని చేసిన, మీరు పరేషాన్ల ఉంటరని."

"అంతా... అయిపాయనా గంగన్నా?"

"అయిపోయింది. బావ నిప్పు పెట్టిండు. నేనచ్చెటాలకు బూడిది సల్లగైంది. మొఖం సూడలే. ఇగ రేపు పిట్టకు పెడ్తం. మా దిక్కు మూడో దినం చేస్తరు మేడం. సచ్చిపోయినోళ్లకు ఏమిష్టమో గదంత ఆకుల పెట్టి, జరంత దూరం కూసుంటం. పిట్టచ్చి ముడితే పాణం నిమ్మలపడ్డట్టు. ముట్టకుంటే ఏందో మనాది మిగిలిందన్నట్టు."

"మా పక్కన గూడా కాకికి పెడతారులే గంగన్నా. నాకెరికే."

"ఆఁ గదే. అవ్వకేం ఇష్టమున్నది మేడం? జొన్నరొట్టె, జరంత కల్లు. గా బటనాల ఫోను గూడ ఆకు పక్కపొంట పెడ్తమంటున్నది మా అక్క. సచ్చిపోయినప్పుడు గూడ చేతుల అదే ఉండెనట. నేను చేస్తనని."

షైస్తా ఫోను పెట్టేసింది. తల ఎత్తేసరికి ప్రభాకర్ గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం కళకళలాడుతోంది.

"పడ్డాయమ్మా! గంగన్న పాయింట్లు పడ్డాయి. రేపు పొద్దున్నే రండి, ఇద్దరం కూర్చుని పని పూర్తి చేసేద్దాం."

గురువారం తొమ్మిదిన్నరకు ప్రభాకర్ కుర్చీ లాక్కుని షైస్తా పక్కన కూర్చున్నాడు. ఆమె గంగన్న పేరుతో, గంగన్న పాస్‌వర్డుతో లోపలికి వెళ్లింది. టికెట్టు ఎవరికి అన్నచోట ప్రభాకర్ పేరు కొట్టింది. ఇంటిపెద్దకు ఏమవుతారు అన్నచోట ఎప్పటిలాగే 'అన్న' అని ఎంచింది. చివరి మీట నొక్కేసరికి తెర మీద ఇంతకుముందెన్నడూ రాని గడి ఒకటి వచ్చింది. కొత్త నియమమట. ఇంటిపెద్ద ఫోనుకు ఆరంకెల నంబరు పంపుతారు, అది ఇక్కడ కొట్టాలి. పది నిమిషాల్లో కొట్టకపోతే అది చెల్లదు.

"ఓటీపీనా? దానికేం, మీ సొరుగులో ఉన్నాయిగా కంపెనీ సిమ్ములు, తియ్యండి" అన్నాడు ప్రభాకర్, తనే చెయ్యి చాచి 'పంపు' అన్నది నొక్కేస్తూ.

షైస్తా సొరుగు తెరవలేదు. గడి కింద సగం చుక్కలు, చివర నాలుగంకెలు కనబడుతున్నాయి. ముందు తొంభై ఒకటి. ఇండియా నంబరు. ఆమెకు మూడేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. పందొమ్మిది కుటుంబాలకు గాను పద్దెనిమిదింటికి కంపెనీ సిమ్ములు సరిపోయాయి. పాస్‌పోర్టు రెన్యువల్‌కని ఎదురుగా కూర్చున్న గంగన్నను, నీ నంబరు చెప్పన్నా అని అడిగింది. అతను తడుముకోకుండా పాఠంలా అప్పజెప్పాడు. తన చేతిలోని ఫోను నంబరు వాళ్లలో ఎవరికి గుర్తుంటుంది? ఎవరూ తమకు తాము చేసుకోరు. రోజూ డ్యూటీ దిగి తాను నొక్కే నంబరు ఏదో అదే చెప్పాడు. అది అవ్వ నంబరు.

"సార్, ఇది గంగన్న ఇంటి నంబరు."

"మార్చెయ్యండి."

"మార్చాలన్నా ముందు ఆ నంబరుకే పంపుతారు సార్."

"వాళ్ల ఊళ్లోనే ఉన్నాడుగా! చూసి చెప్తాడు." అని ఆయన మళ్లీ నొక్కాడు. గడియారం చూసుకున్నాడు. తొమ్మిది నలభై. "వెళ్లిందో లేదో. సిగ్నల్ ఉండి చావదు ఆ పల్లెల్లో." ఇంకోసారి నొక్కాడు. ఆ తర్వాత, ఆమె వద్దనేలోపే, బల్ల మీది ల్యాండ్‌ఫోను తీసి, ఆమె ఫోనులో నిన్నటి భూమేశ్ నంబరు చూసి కొట్టి, స్పీకరు పెట్టాడు.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. గుసగుసగా మాట్లాడుతున్నారు.

"ఎవలు? నేను భూమేశ్‌ను. జెర ఆగి చెయ్యుండ్రి. ఈడ పిట్టకు పెట్టినం, సప్పుడు చెయ్యద్దు."

"నేను మస్కట్ నుంచి జనరల్ మేనేజర్ని. గంగన్నకియ్యి, అర్జెంటు."

కాసేపు ఎండుగడ్డి మీద అడుగుల శబ్దం, దూరంగా కాకుల అరుపు. కిటికీ అవతల ఏసీ డబ్బా మీద కూడా అదే అరుపు. ఏది ఎక్కడిదో ఒక క్షణం షైస్తాకు తెలియలేదు.

"నమస్తే సార్" అన్నాడు గంగన్న, అంతే మెల్లగా. "తప్పుగ అనుకోకుండ్రి సార్, పెద్దగ మాట్లాడరాదు. పిట్ట ముడ్తలేదు. గంటసేపైంది. వస్తది, ఆకు మీద వాల్తది, గప్పుడే అవ్వ ఫోను టింగ్‌మని మోగుతది. లేసి పోతది. మూడుసార్లైంది. అవ్వకు నా మీద కోపమున్నదని అందరు అంటున్నరు. మొఖం సూడరాలేదని."

షైస్తా మెల్లగా తల తిప్పి ప్రభాకర్ చూపుడువేలి వైపు చూసింది. గోరు చక్కగా కత్తిరించి ఉంది. ఆ వేలు మూడుసార్లు నొక్కింది. ఆయనకు కూడా అర్థమయింది. అర్థమయిందని ఆమెకు తెలిసింది, ఎందుకంటే ఆయన ఆ వేలిని చప్పున మడిచి పిడికిట్లోకి తీసుకున్నాడు. ఇప్పుడైనా ఫోను పెట్టేస్తాడనుకుంది. మనిషన్నవాడు పెట్టేస్తాడు.

"ఆ మోగిందే గంగన్నా, నాక్కావాల్సింది అదే" అన్నాడు ప్రభాకర్. "అందులో ఆరంకెలుంటాయి, చదువు. ఒక్క నిమిషం పని. చదివేసి ఫోను ఆపేసుకో, మళ్లీ మోగదు. నేను హామీ."

"సరే సార్" అంటూనే లేచాడు గంగన్న. ఆకు దగ్గరికి నడుస్తున్న చప్పుడు. ఆడవాళ్లెవరో, ఏమిరా, యేడికి పోతున్నవురా అంటున్నారు. "అచ్చింది సార్. ఇంగిలీషుల ఉన్నది. అంకెలైతే ఎర్కే. నాలుగు..."

షైస్తాకు ఒళ్లంతా కంపరమెత్తింది. ఈ మనిషి, ఈ ఆఫీసు, తెర మీద మెరిసే ఆ గడి, తన బల్ల, తను. "గంగన్నా!" అంది గట్టిగా. "నేను షైస్తాను. ఆ నంబరు చెప్పద్దు."

ప్రభాకర్ ఆమె వైపు తిరిగి, పళ్ల బిగువున, "ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. స్పీకరు మీదికి వంగింది.

"నువ్వు, మీవాళ్లు విమానం ఎక్కినప్పుడల్లా నీ పేరు మీద పాయింట్లు పడతాయన్నా. వాటితో టికెట్టు కొనుక్కోవచ్చు. అవి నీవి. నీకు తెలీకుండా వాటితో సారు పిట్టలు చూసేదానికి పోతాండాడు. ఆ ఆరంకెలు నువ్వు చెప్పకపోతే పోలేడు." ఇక్కడితో ఆపేయవచ్చు. ఆపేస్తే తను మంచిదానిగానే మిగిలిపోతుంది. "ఇంకోటి గంగన్నా. సోమవారం డైరెక్టు విమానం నిండలేదు. సీట్లు ఉండాయి. ఆ పాయింట్ల కోసమే నిన్ను చుట్టు తిప్పి పంపించినాం."

చెప్పేస్తే బరువు దిగుతుందనుకుంది షైస్తా. దిగుతుందనే ఎదురు చూసింది.

"సీట్లున్నయా మేడం?"

"ఉండాయి."

"మీకు గప్పుడే ఎర్కనా? నేను మీ ముంగట కూసున్నప్పుడు?"

"ఎరికే."

"అవ్వ ఇంకా పెట్టెల్నే ఉండె గద మేడం గప్పుడు." అతని గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాకే అడుగుతున్నాడు. "నేను దండం గూడ పెడ్తి మీకు."

పక్కన ప్రభాకర్, "గంగన్నా, ఆవిడ మాటలు పట్టించుకోకు, నేను వివరంగా చెప్తాను, నీకు వచ్చే ఏడు రెండు నెలల సెలవు..." అని ఏదో అంటూనే ఉన్నాడు. గంగన్న ఆ మాటలకు జవాబివ్వలేదు. చేతిలోని ఫోనును ఎక్కడో మట్టిలో పెట్టినట్టున్నాడు, గరగరమని చప్పుడైంది. ఆ తర్వాత అతని గొంతు దూరం నుంచి, ఇప్పుడు గుసగుసగా కాకుండా ఊరంతా వినేలా వచ్చింది.

"అవ్వా! ఇగో ఇను. నేను ఆలిస్యం చెయ్యలేదే. బిమానముండె. ఖాళీగున్నదట. మా సారు, షైస్తా మేడం ఇద్దరు గలిసి నన్ను తిప్పి తోలిండ్రే. నువ్వు పెట్టెల ఉన్నవని ఎరికుండి గూడ తోలిండ్రు. నా మీద కోపం పెట్టుకోకే. గీ ఫోను ఇగ మోగది. ఇగో, బ్యాటరీ తీస్తున్న."

షైస్తా మేడం. ఆమె పేరు అంత స్పష్టంగా అతను ఎన్నడూ పలికి ఉండడు. చెప్పింది తను. ఆపింది తను. అయినా చచ్చిపోయిన మనిషి ముందర, ఊరి మనుషులందరి ముందర, ప్రభాకర్ పక్కనే ఆమె పేరు నిలబడింది. తప్పుగా నిలబడిందని అనడానికి ఏ మూలా కుదరలేదు. తెర మీద సమయం దాటిపోయి గడి దానంతటదే మూసుకుపోయింది. పది దాటింది, పట్టి ఉంచిన సీటూ పోయింది.

అవతల ఒక కాకి అరిచింది. ఆ వెంటనే ఆడవాళ్ల గొంతులు, మగవాళ్ల గొంతులు ఒక్కసారిగా లేచాయి. ముట్టింది, ముట్టింది, రొట్టె ముట్టింది అంటున్నారు. ఎవరో ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు కూడా.

"కట్ చెయ్యండమ్మా" అన్నాడు ప్రభాకర్. "మీ వీసా ఏ కంపెనీదో గుర్తుంచుకుని, వారాంతం సెలవులయ్యాక ఆదివారం నా గదికి రండి."

షైస్తా కట్ చేయలేదు. భూమేశ్ ఫోను అక్కడ మట్టిలోనే పడి ఉన్నట్టుంది, దాన్ని ఎత్తాలని ఎవరికీ గుర్తు లేదు. చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు వినబడుతోంది. చేతులు కడుక్కోమని, వచ్చి కూసోమని వాళ్లు ఒకరినొకరు పేరుపేరునా పిలుచుకుంటున్నారు. ఆమె ఆ పేర్లన్నీ అయిపోయేదాకా విన్నది. అందులో తన పేరు మళ్లీ రాలేదు.